జాగ్రత్తలు రాసేవాళ్లు కావాలి

2013 అక్టోబరు 12న ఫైలిన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. ఉత్తరాంధ్రలో ఈ తేదీలు చాలామందికి ఇంట్లో పుట్టినరోజుల్లా నోటికి వస్తాయి. దసరా వెళ్లి పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే రోజులు వచ్చాయంటే సముద్రం వైపు ఒక కన్నేసి ఉంచడం మాకు అలవాటే. అయినా జాగ్రత్తల గురించి రాసేవాళ్లందరం వాయుగుండం ఏర్పడ్డాకే కలం తీస్తాం. అప్పటికి పెరట్లో రేకులు దింపుకోవాలి, బిందెలు నింపుకోవాలి, ముసలివాళ్లను ఎక్కడ ఉంచాలో తేల్చుకోవాలి. ఆ హడావుడిలో పేపరు విప్పి చదివే తీరిక ఎవరికుంటుంది?

అందుకే మా విజయనగరం జిల్లా పేజీలో ముందుజాగ్రత్తల శీర్షికని ఏడాది పొడుగునా నడుపుతున్నాం. ఎండల్లో వడదెబ్బ, తొలకరికి పిడుగులు, పాముకాట్లు, ఆ తర్వాత గెడ్డల పొంగు, సెప్టెంబరు నుంచి తుపాను. దాని బాధ్యత నాది. "వారం వారం అంత సమాచారం ఎక్కడినుంచి తెస్తారు?" అని అడుగుతుంటారు. సమాచారానికి కొదవ లేదు. విశాఖపట్నం తుపాను హెచ్చరికల కేంద్రం 72 గంటల ముందునుంచే చెబుతుంది, 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకి సందేశాలు పంపుతుంది. కొరతంతా మనుషులది. గాలి ఎంత వేగంతో వస్తుందో చెప్పడానికి శాస్త్రవేత్త ఉన్నాడు. ఆ గాలికి మన వీధిలో, మన రేవులో, మన ఆసుపత్రిలో ఏమవుతుందో ఒకసారి అనుభవించినవాళ్లు చెప్పాలి. ఈ శీర్షికకి నేను పెట్టే శ్రమలో ఎక్కువ భాగం వాళ్లను వెతికి పట్టుకోవడానికే పోతుంది.

కరెంటు జాగ్రత్తలకి ఒక రిటైరైన లైన్‌మన్ దొరికాడు. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి స్తంభాలు నిలబెట్టినవాడు. మొదట ఆయన రాసి తెచ్చింది ఆఫీసు నోటీసులా ఉంది: తెగిపడిన తీగలను తాకరాదు, తడి చేతులతో స్విచ్చులు వేయరాదు. తప్పేమీ లేదు, కానీ అది ఎవరైనా రాయగలరు. కాగితం పక్కనపెట్టి టీ తెప్పించి, అసలు ఆ రోజుల్లో మీరు దేనికి భయపడ్డారని అడిగాను.

"జనరేటర్లకి భయపడ్డాను మాస్టారూ," అన్నాడు. "లైను చచ్చిపోయి ఉందని తెలుసుకునే స్తంభం ఎక్కుతాం. ఆ వీధిలో ఎవరో జనరేటరు తెచ్చి, మెయిన్ ఆపకుండా ఇంట్లో ప్లగ్గులో పెడతాడు. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి లైన్లోకి ఎక్కేస్తాది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అదే పెద్ద వోల్టేజీ అయిపోతాది. పైనున్నోడికి తెలీదు."

ఈ ముక్క ఏ కరపత్రంలోనూ నాకు కనబడలేదు. కరపత్రాలన్నీ ఇంట్లో ఉన్నవాడి ప్రాణం గురించే రాస్తాయి. స్తంభం మీదున్నవాడి ప్రాణం కూడా ఇంట్లో ఉన్నవాడి చేతిలోనే ఉందని చెప్పాలంటే స్తంభం ఎక్కినవాడే రావాలి. ఆ వారం శీర్షికంతా ఆ ఒక్క విషయమే వేశాం. జనరేటరు తెచ్చుకుంటే మెయిన్ స్విచ్ దింపి పెట్టండి, వైరు జనరేటరు నుంచి నేరుగా ఫ్యానుకో ఫ్రిజ్‌కో లాగండి, గోడ ప్లగ్గులోకి ఎన్నడూ ఎక్కించకండి, జనరేటరుని ఇంట్లో పెట్టకండి, దాని పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తీగ తెగి కనబడితే 1912కి చెప్పండి. అంతే. మిగతా కరెంటు జాగ్రత్తలు ఇంకో వారానికి వాయిదా వేశాం. ఒక్క వారంలో పది మాటలు చెబితే చదివినవాడి దగ్గర ఒక్కటీ మిగలదని నా నమ్మకం.

భోగాపురం, పూసపాటిరేగ మండలాల తీరం కథ వేరు. మా జిల్లాకి ఉన్న సముద్రం ఆ రెండు మండలాలదే. అక్కడ ఒక బోటు యజమాని, పెద్దాయన, పేపరు కోత చేతిలో పట్టుకుని నన్ను నిలదీశాడు. "గంటకి నూట నలభై కిలోమీటర్లంటే నాకేటి ఎరుక బాబూ? బోటు ఎంత పైకి లాగాల, ఇంజిను ఎప్పుడిప్పాల, అది రాయండి." ఆయనే వరస చెప్పాడు. ముందు ఇంజిను విప్పి ఇంటికి చేర్చాలి, తర్వాత వలలు, ఆఖర్న బోటు. బోటు లాగడానికి మాత్రం చేతులు కావాలి. అక్టోబరుకి మా మత్స్యకార గ్రామాల్లో కుర్రాళ్లు సగం మంది ఉండరు, గుజరాత్ వెరావల్ రేవులో పనికి పోతారు. ఉన్న పెద్దవాళ్లు, ఆడవాళ్లు కలిసి ఒక్కో బోటూ లాగాలంటే 24 గంటల హెచ్చరిక దాకా ఆగితే కుదరదు. కాబట్టి మా శీర్షికలో తీరగ్రామాలకి పని మొదలయ్యేది 48 గంటల దగ్గరే. వలస సంగతి తెలియనివాడు ఎంత పెద్ద నిపుణుడైనా ఈ లెక్క వేయలేడు.

రేవుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నంబరు హెచ్చరిక" అని ప్రతి తుపానుకీ రాస్తాం. ఆ సంకేతాలు ఓడల కోసం, రేవుల కోసం పెట్టినవి. గజపతినగరంలో ఇంట్లో కూర్చున్న మనిషికి మూడో నంబరు చూసి చేయగలిగింది ఏమీ లేదు. ఆ సంకేతాలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్నాయి. పదకొండోది ఎగిరిందంటే అర్థం, హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, రేవులోని అధికారి తన అంచనా మీద ప్రమాదం ఉందనుకుంటున్నాడు అని. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే సంకేతం ఇదే. హుద్‌హుద్ రోజున విశాఖ, విజయనగరాల్లో మనందరం ఆ స్థితిలోనే ఉన్నాం. సెల్ టవర్లు పడుకున్నాయి, కరెంటు లేదు, టీవీ లేదు. తుపాను కన్ను విశాఖ మీదుగా వెళ్లినప్పుడు గాలి నిలిచిపోయింది. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. ఆ నిమిషంలో "ఇంకా అవలేదు, లోపలికి పొండి" అని చెప్పే ఫోన్ ఎవరి చేతిలోనూ పనిచేయలేదు. ఆ మాట అంతకు ముందే బుర్రలో ఉండాలి, లేదా బీరువా తలుపు లోపల అంటించిన కాగితం మీద ఉండాలి. మా శీర్షికని కత్తిరించి అంటించుకోవడానికి వీలుగా ఒక్క కాలమ్ వెడల్పులో వేయమని పేజీ పెట్టేవాళ్లతో నేను గొడవపడేది ఇందుకే.

నా మనసుకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఆ కొబ్బరి, జీడి తోటల నేల మీద దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే, సరిగ్గా ఆ నేల మీదే. కూలిన కొబ్బరిచెట్ల గురించి అందరం రాశాం, రాయాలి కూడా, ఒక తరం సంపాదన ఒక్క తెల్లవారుజామున పోయింది. కానీ వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కి వెళ్లాల్సిన మనిషి రోడ్డు మీద చెట్లు పడి, కరెంటు పోయి ఉన్న ఆ రోజుల్లో ఏం చేయాలన్నది నేను చూసిన ఏ తుపాను కరపత్రంలోనూ లేదు. ఒక్కసారి డయాలిసిస్‌కి నూట ఇరవై లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్లు కావాలి. కరెంటు లేకపోతే యంత్రమూ లేదు, ఆ నీళ్లూ లేవు.

డయాలిసిస్ విభాగంలో పనిచేసే ఒక నర్సుని బతిమాలి ఈ భాగం రాయించాను. పగలు డ్యూటీ, ఇంటికెళ్తే పిల్లలు. ఆమె ఫోన్‌లో చెబుతుంటే నేను రాసుకున్నాను. ఆమె మొదట చెప్పింది బొండాల సంగతి. చెట్లు పడిపోయి బొండాలు కాళ్ల దగ్గర దొర్లుతుంటాయి. మోటార్లు ఆడవు, ట్యాంకులు ఖాళీ. తాగే నీళ్లు దొరకని చోట ఎవరైనా బొండమే కొట్టుకుంటారు, పక్కింటివాళ్లు ప్రేమగా కొట్టి ఇస్తారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. పనిచేయని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. డయాలిసిస్ ఆలస్యమైన రోజుల్లో అది మరీ ప్రమాదం. మామూలు మనిషికి మేలు చేసే ఓఆర్ఎస్ ప్యాకెట్టులోనూ పొటాషియం ఉంటుంది. అందరికీ పంచే సలహా ఆ ఇంట్లో ఒకరికి కీడు చేయవచ్చు.

ఆమె చెప్పిన మిగతా విషయాలు కూడా అంతే సూటిగా ఉన్నాయి. 48 గంటల హెచ్చరిక వినగానే మీ డయాలిసిస్ కేంద్రానికి వెళ్లి, మా వంతు ముందుకు జరపగలరా అని అడగండి. కేసు షీటు నకలు, మందుల చీటీ, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఒక పాలిథిన్ కవరులో ముడేసి ఉంచండి. ఏ కేంద్రానికి కరెంటుంటే అక్కడ చేయించుకోవడానికి పనికొస్తాయి. వంతు తప్పితే ఎన్ని నీళ్లు తాగాలి, ఏం తినాలి, ఏవి ముట్టకూడదు అన్నది డాక్టరుని ఇప్పుడే, ఎండ కాస్తున్నప్పుడే అడిగి రాయించుకోండి. ఈ శీర్షికలో అచ్చైన వాటిల్లో ఏది ఎక్కువ అవసరమైనదని అడిగితే ఆ వారంది అని ఆలోచించకుండా చెబుతాను.

రాయించడం ఒక ఎత్తు, రాసినదాన్ని తాజాగా ఉంచడం ఇంకో ఎత్తు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని శ్రీకాకుళం నుంచి అటు వెళ్లాయి. రాజాం, వంగర, రేగిడి, సంతకవిటి మాకు వచ్చాయి. అంటే ఆ మండలాల వాళ్లు ఆపదలో ఫోన్ చేయాల్సిన కలెక్టరేటే మారిపోయింది. 112 అయితే మారదు. కంట్రోల్ రూమ్ నంబర్లు మాత్రం తుపాను తుపానుకీ మారుతుంటాయి. కాబట్టి జాబితా అచ్చు వేసే ముందు ప్రతి నంబరుకీ ఫోన్ చేసి, అవతల మనిషి పలికాకే వేయడం మా నియమం. ఈ పనికి డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలున్నారు. పేరు అచ్చులో రాని పని, విసుగు పుట్టించే పని. దాన్ని ఓపిగ్గా చేసేవాళ్లంటే నాకు వ్యాసం బాగా రాసేవాళ్ల కంటే ఎక్కువ గౌరవం.

నమ్మకం సంగతి కూడా చెప్పాలి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. గాలి హుద్‌హుద్‌తో పోలిస్తే తక్కువే, కానీ వాన ముంచేసింది. ఆ డిసెంబరులోనే జవాద్ వస్తుందని జనాన్ని పునరావాస కేంద్రాలకి తరలించారు, రైళ్లు రద్దు చేశారు. అది సముద్రంలోనే బలహీనపడిపోయింది. "రాలేదు కదా, ఊరికే భయపెట్టారు" అన్న మాట వారం రోజులు విన్నాం. ఆ మాట అన్నవాళ్లని నేను తప్పుపట్టను. ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లినవాళ్లు వాళ్లు. మేం చేయగలిగింది, రాని తుపాను గురించి కూడా రాయడం. ఎందుకు బలహీనపడింది, ఎందుకు ముందే కచ్చితంగా చెప్పలేరు, పోయిన కూలి లెక్క ఏమిటి. వచ్చిన తుపానుకే పేజీలు ఇచ్చి రానిదాన్ని వదిలేస్తే తర్వాతి హెచ్చరిక ఎవరూ వినరు.

బంగ్లాదేశ్‌లో 1970 నాటి భోలా తుపాను లక్షల ప్రాణాలు తీశాక తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టారు. ఇప్పుడు అందులో 70 వేలకి పైగా వాలంటీర్లున్నారు, వాళ్లలో సగం మంది ఆడవాళ్లు. జెండాలు ఎగరేస్తారు, మెగాఫోన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్లు పరాయివాళ్లు కాదు, ఆ ఊరివాళ్లే, ఏ ఇంట్లో నడవలేని అవ్వ ఉందో తెలిసినవాళ్లే. మనకీ గ్రామ సచివాలయాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు, ఆపద మిత్ర పథకం కింద శిక్షణ పొందినవాళ్లున్నారు. వాళ్లకి తెలిసింది కాగితం మీదికి రావడం లేదు. మా శీర్షిక చేయగలిగిన సాయం అక్కడే ఉంది.

ఇక ఈ ఏడాది నాకు కావలసినవాళ్ల గురించి. తిత్లీ అప్పుడు సరిహద్దుకి అవతల, ఒడిశా గజపతి జిల్లాలో, సముద్రానికి దూరంగా కొండల్లో ఉన్నవాళ్లు వానకి గుహలాంటి చోట తలదాచుకుంటే కొండచరియ విరిగి పడి చనిపోయారు. తుపాను అంటే తీరం సంగతనే అందరం రాస్తూ వచ్చాం. మన సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం కొండల కిందా అవే వానలు, అవే గెడ్డలు. ఏ గెడ్డ ఎంతసేపట్లో పొంగుతుందో, ఏ కాలిబాట తెగిపోతుందో, నెలలు నిండిన మనిషిని డోలీలో దింపాలంటే ఎన్ని రోజుల ముందు బయల్దేరాలో మా శీర్షికలో ఒక్క ముక్క లేదు. సవర, కువి మాట్లాడేవాళ్లు, ఆ కొండల్లో పుట్టి పెరిగినవాళ్లు కావాలి. రాయడం రాకపోయినా ఫర్వాలేదు, చెబితే నేను రాసుకుంటాను. ప్రయాణానికి, అనువాదానికి అయ్యే ఖర్చు పత్రిక ఇస్తుంది. మీ సచివాలయంలో గానీ, ఆశ్రమ పాఠశాలలో గానీ అలాంటివాళ్లు తెలిసి ఉంటే, వానలు పట్టకముందే నాకు ఒక ఉత్తరం ముక్క రాయండి.