గుప్పిట్లో ఇమిడిన నేరనగరం: చైనాటౌన్ వార్స్ నిర్మాణ కళ

వీడియో గేములలో ఓపెన్ వరల్డ్ అని పిలిచే శాఖ ఒకటి ఉంది. ఆటగాడిని ఒక ఘట్టం నుంచి మరొక ఘట్టానికి చేయి పట్టుకుని నడిపించకుండా, ఒక ఊరిని మొత్తంగా అతని ముందు పరచి, ఎటు వెళ్లాలో, ఏ పని ముందు చేపట్టాలో అతనికే వదిలివేయడం దాని లక్షణం. ఈ పద్ధతిని నేరకథతో ముడివేసి ప్రపంచమంతటా ప్రచారంలోకి తెచ్చినది గ్రాండ్ థెఫ్ట్ ఆటో శ్రేణి. స్కాట్లాండ్‌లోని డండీలో డీఎంఏ డిజైన్ సంస్థ తయారుచేయగా 1997లో వెలువడిన మొదటి ఆటలో నగరం ఆకాశం నుంచి కిందికి చూసినట్లు కనిపించేది. 2001 నాటి మూడవ ఆటతో ఆ చూపు నేలకు దిగి, ఆటగాడు తన పాత్ర వెనుకే ఉండి మేడల మధ్య సంచరించే త్రిమితీయ నగరం ఏర్పడింది. తెలుగు పట్టణాల ఇంటర్నెట్ సెంటర్లలో ఒక తరం కుర్రవాళ్లకు పరిచయమైన వైస్ సిటీ ఈ రెండవ దశకు చెందినది. అయితే ఈ శ్రేణిలో నిర్మాణ నైపుణ్యం పరంగా అన్నిటికంటే ఎక్కువ అధ్యయనం చేయదగిన ఆట పెద్ద తెర కోసం చేసినది కాదు. అరచేతిలో ఇమిడే నింటెండో డీఎస్ కోసం 2009 మార్చిలో వెలువడిన చైనాటౌన్ వార్స్.

డీఎస్ వంటి యంత్రాలను హ్యాండ్‌హెల్డ్ కన్సోళ్లు అంటారు; తెర, మీటలు, బ్యాటరీ అన్నీ ఒకే పెట్టెలో ఉండి, ఎక్కడికైనా వెంట తీసుకువెళ్లి ఆడుకోవడానికి వీలుగా ఉంటాయి. పుస్తకంలా మడిచే డీఎస్‌లో రెండు తెరలు ఉంటాయి, ఒక్కొక్కటి అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు మాత్రమే. కింది తెర స్పర్శకు స్పందిస్తుంది, దానిపై రాయడానికి స్టైలస్ అనే ప్లాస్టిక్ పుల్ల ఉంటుంది. ఆట నడుస్తున్నప్పుడు వాడుకోగల మెమరీ 4 మెగాబైట్లు. అంతకుముందు గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద 2004లో ఈ శ్రేణి ఆట ఒకటి వచ్చింది గాని అది తొలినాటి పైచూపు పద్ధతికే పరిమితమైంది. ఇంగ్లండ్‌లోని రాక్‌స్టార్ లీడ్స్ బృందం సోనీ పీఎస్‌పీ మీద 2005లో లిబర్టీ సిటీ స్టోరీస్‌ను, 2006లో వైస్ సిటీ స్టోరీస్‌ను తయారుచేసినప్పుడు వారి లక్ష్యం పెద్ద ఆటను ఉన్నదున్నట్లుగా చిన్న యంత్రంలోకి దించడం. ఆ యంత్రానికి అంత శక్తి ఉంది కనుక అది సాధ్యమైంది. డీఎస్‌కు ఆ శక్తి లేదు. కాబట్టి అదే లీడ్స్ బృందం, రాక్‌స్టార్ నార్త్‌తో కలిసి, కుదించే ప్రయత్నం మానుకుని ఆటను పునాది నుంచి మళ్లీ ఆలోచించింది.

ఆ పునరాలోచనలో మొదటిది చూపు. మూడవ ఆటతో విడిచిపెట్టిన పైచూపును లీడ్స్ బృందం తిరిగి తీసుకువచ్చింది, కానీ పాత ఆటలో లాగా చదునైన పటంగా కాదు. మేడలు, బండ్లు, మనుషులు అన్నీ త్రిమితీయ ఆకారాలే. వాటిని కాస్త ఏటవాలుగా పైనుంచి చూసే కెమెరా బండి మలుపు తిరిగినప్పుడల్లా తానూ తిరుగుతుంది. రంగులను మెత్తగా కలిపివేయకుండా పొడలు పొడలుగా ఉంచి, అంచుల వెంట నల్లని గీత గీసే సెల్ షేడింగ్ పద్ధతి వల్ల ప్రతి వస్తువూ బొమ్మల కథలోని చిత్రంలా విడిగా తెలుస్తుంది. వేలెడంత తెర మీద పోలీసు బండి ఏదో, ట్యాక్సీ ఏదో రెప్పపాటులో గుర్తించగలగడానికి కారణం ఈ నల్లని గీతే. న్యూయార్క్‌ను పోలిన లిబర్టీ సిటీని నాలుగవ ఆట నుంచి తీసుకుని, ఆల్డెర్నీ అనే పడమటి భాగాన్ని వదిలివేశారు. మిగిలినంత వరకు నగరం వీధి వీధిగా ఉంది. చిన్న మీటలతో బండి నడపడం కష్టం కనుక, రోడ్డు దిశను బట్టి బండి ముక్కును నెమ్మదిగా సరిదిద్దే ఏర్పాటు కూడా చేశారు. ఆటగాడికి తెలియకుండానే అందే ఇటువంటి సాయాన్ని అమర్చడానికి ఎంతో ఓర్పు కావాలి.

రెండవది, అన్నిటికంటే విలువైనది, చేతిపని. పెద్ద ఆటలలో నిలిపి ఉన్న కారును దొంగిలించాలంటే ఒక మీట నొక్కితే చాలు, మిగతాదంతా పాత్రే చేస్తుంది. చైనాటౌన్ వార్స్‌లో ఆ పని ఆటగాడి వేళ్లకు వస్తుంది. పాత కారైతే తాళం రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి స్టైలస్‌తో గుండ్రంగా తిప్పాలి; మరొక రకమైతే స్క్రూలు ఊడదీసి, మూత తీసి, లోపలి తీగలను మెలిపెట్టాలి; ఖరీదైన బండికి సంకేతాన్ని ఛేదించే ఎలక్ట్రానిక్ పరికరం వాడాలి. చేయి తడబడితే అలారం మోగి పోలీసులకు తెలుస్తుంది. పెట్రోలు బంకులో డబ్బు కట్టి ఖాళీ సీసాలలో పెట్రోలు నింపి మంట సీసాలు తయారుచేసుకోవచ్చు, పంపును ఎక్కువసేపు పట్టుకుంటే పెట్రోలు కింద ఒలికి వృథా అవుతుంది. ఆ సీసాను తరువాత విసిరేది కూడా స్టైలస్ గీతతోనే. ఆయుధం దొరుకుతుందేమోనని చెత్తకుండీలో సంచులను అటూ ఇటూ జరిపి వెతకడం, టోల్ గేటు దగ్గర నాణేలు విసరడం, ట్యాక్సీని పిలవడానికి యంత్రంలోని మైకులోకి ఈల వేయడం, ఇవన్నీ ఇదే కోవకు చెందినవి. ఇటువంటి చిన్న పనులను మినీ గేములు అంటారు. చాలా ఆటలలో ఇవి కథను ఆపి చేయించే కాలక్షేపాలుగా మిగిలిపోతాయి. ఇక్కడ కొన్ని సెకన్లకు మించి సాగవు, పైగా చేసే పనికి, చేయి కదలికకు తేడా ఉండదు. ఆట ఆరంభంలోనే దీనికి ఉదాహరణ కనిపిస్తుంది: విమానాశ్రయంలో దాడికి గురైన కథానాయకుడిని చనిపోయాడనుకుని కారుతో సహా నీళ్లలోకి తోసేస్తారు, మునిగిపోతున్న కారు అద్దాన్ని ఆటగాడు స్టైలస్‌తో మళ్లీ మళ్లీ పొడిచి పగలగొట్టుకుని బయటపడాలి. చేతిలోని ప్లాస్టిక్ పుల్ల తెరకు తగిలే చప్పుడు, తెరలోని అద్దం బీటలు వారడం ఒకేసారి జరుగుతాయి. గదిలో దూరంగా ఉన్న పెద్ద తెర ఈ అనుభవాన్ని ఇవ్వలేదు.

కింది తెర మామూలు సమయంలో పీడీఏగా, అంటే జేబు కంప్యూటర్‌గా పనిచేస్తుంది. దారి చూపే పటం, రేడియో, ఆయుధాల కొనుగోలు, కథలోని పాత్రలు పంపే ఈమెయిళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఈ ఈమెయిళ్లకు ప్రాణం పోసినది ఆటలోని మాదకద్రవ్యాల వ్యాపారం. ఆరు రకాల సరుకు, నగరమంతటా వేర్వేరు ముఠాలకు చెందిన బేరగాళ్లు, పేటను బట్టి మారే ధరలు ఇందులో ఉన్నాయి. ఒక పేటలో చవకగా దొరికే సరుకుకు మరొక పేటలో గిరాకీ ఉందని కబురు వస్తే, మొదటి చోట కొని రెండవ చోట అమ్మడమే లాభం. ఈ పద్ధతి మూలాలు 1984 నాటి డ్రగ్ వార్స్ అనే కేవలం అక్షరాలతో నడిచే కంప్యూటర్ ఆటలో కనిపిస్తాయి; అక్కడ అంకెల పట్టికగా ఉన్నదాన్ని చైనాటౌన్ వార్స్ వీధులలోకి, దూరాలలోకి, దారిలో ఎదురయ్యే పోలీసులలోకి అనువదించింది. ఓపెన్ వరల్డ్ ఆటలలో తరచు కనిపించే లోపం ఏమిటంటే, ఊరు ఎంత పెద్దదైనా కథ పిలిచిన చోటికి తప్ప మరెక్కడికీ వెళ్లే కారణం ఉండదు. ఈ వ్యాపారం ప్రతి సందుకూ ఒక కారణం కల్పించింది. ఆటగాడు కొంతకాలానికి పటం చూడకుండానే ఏ పేటలో ఏది పలుకుతుందో చెప్పగలుగుతాడు, ఒక ఊరిలో మకాం పెట్టి వర్తకం చేసేవాడికి ఊరు ఎలా తెలుస్తుందో అలాగే. వస్తువు విషయంలో అభ్యంతరం సహజమే. ఇది పద్దెనిమిదేళ్లు నిండినవారి కోసమే చేసిన ఆట, నింటెండో యంత్రం మీద వచ్చినంత మాత్రాన పిల్లల ఆట కాదు. ఆ హద్దును తల్లిదండ్రులు గట్టిగా పాటించవలసిందే.

పోలీసుల నుంచి తప్పించుకునే విధానంలో కూడా స్పష్టమైన ఆలోచన ఉంది. నేర తీవ్రతను సూచించే నక్షత్రాలు ఆరు వరకు పెరుగుతాయి. మిగతా ఆటలలో దాక్కోవడమో, బండికి రంగు మార్చడమో దీనికి మార్గం. ఇక్కడ వెంటాడే పోలీసు బండ్లను గోడలకు, స్తంభాలకు గుద్దుకునేలా చేసి నిలిపివేస్తే నక్షత్రాలు ఒక్కొక్కటిగా రాలతాయి, నక్షత్రాలు ఎక్కువైన కొద్దీ నిలిపివేయవలసిన బండ్లూ ఎక్కువ. పైనుంచి చూసే కెమెరాకు ఇది సరిగ్గా సరిపోయిన నియమం, ఎందుకంటే వెనుక వస్తున్న బండి, ముందున్న మలుపు రెండూ ఒకే చూపులో కనిపించినప్పుడే ఇటువంటి ఎత్తు వేయడం సాధ్యం.

కథ చెప్పడంలో మాత్రం పొదుపు పాటించారు. హాంకాంగ్ నుంచి వచ్చిన హువాంగ్ లీ అనే యువకుడు, హత్యకు గురైన తండ్రి తాలూకు యూ జియాన్ అనే కత్తిని ఇంటి పెద్ద కెన్నీకి అప్పగించడానికి బయలుదేరి, దారిలోనే దాన్ని పోగొట్టుకుంటాడు. వంశగౌరవానికి చిహ్నంగా అందరూ భావించే ఆ కత్తిని నిజానికి అతని తండ్రి జూదంలో గెలుచుకున్నాడు. ముఠా నాయకత్వం కోసం పెద్దలు దాని చుట్టూ ఎత్తులు వేస్తుంటే, తండ్రిని చంపించినది ఎవరన్న ప్రశ్న చివరకు ఇంటి వాకిలికే వచ్చి ఆగుతుంది. పాత్రల గొంతులు వినిపించవు. నిశ్చల చిత్రాలు, వాటి కింద అక్షరాలు మాత్రమే ఉంటాయి. సంభాషణలు పదునుగా ఉన్నందున గొంతులు లేని లోటు అంతగా తెలియదు, కానీ ఈ శ్రేణికి పేరు తెచ్చిన రేడియో హాస్యం ఇక్కడ లేకపోవడం, స్టేషన్లు కేవలం వాద్య సంగీతానికే పరిమితం కావడం లోటే.

ఈ ఆట 2009 అక్టోబరులో పీఎస్‌పీకి, 2010లో ఐఫోన్‌కు, 2014లో ఆండ్రాయిడ్ ఫోన్లకు వచ్చింది. పీఎస్‌పీలో తెర విశాలమైంది, వెలుగునీడలు మెరుగయ్యాయి, కొత్త ఘట్టాలు చేరాయి; కానీ స్టైలస్ లేనందున తీగలు మెలిపెట్టే పని మీటల మీదకు మారి, ఆట ప్రాణంలో కొంత భాగం తగ్గింది. ఫోన్లలో స్పర్శ ఉంది గాని బండి నడిపే మీటలు కూడా అదే గాజు మీద ఉండటంతో బొటనవేళ్లు వీధిని కప్పేస్తాయి. రెండు తెరలూ, పుల్లా, మీటలూ కలిసి ఉన్న డీఎస్ కోసమే పుట్టిన ఆట ఇది, దాని పూర్తి రూపం అక్కడే ఉంది. విమర్శకుల అంచనాలను క్రోడీకరించే మెటాక్రిటిక్‌లో నూటికి 93 మార్కులతో డీఎస్ ఆటలన్నిటిలో మొదటి స్థానం పొందిన ఈ ఆట, అమెరికాలో విడుదలైన నెలలో 90,000 ప్రతులు కూడా అమ్ముడుపోలేదు.