తిరిగే కాలికి మారథాన్

తిరిగే కాలు ఊరుకోదంటారు పెద్దలు. నాది నరసరావుపేటలో కాపురం, విత్తనాల కంపెనీలో ఉద్యోగం. సోమవారం మాచర్ల, బుధవారం గురజాల, శుక్రవారం గుంటూరు, నెలకోసారి హైదరాబాద్. మందుల కంపెనీల ప్రతినిధులు, మిర్చి వ్యాపారులు, పిడుగురాళ్ల సున్నం లోడ్ల వెంట తిరిగేవాళ్లు, పల్నాడులో ఇలా బతికేవాళ్లం చాలామందిమే ఉన్నాం. మాలో ఎవరైనా మారథాన్ పరిగెత్తుతానంటే, “నీకు తీరికెక్కడిది?” అన్న మాటే ముందు వినబడుతుంది. నా అనుభవంలో తేలింది ఇదీ: వారంలో ఒక్క ఉదయాన్ని ఎవరికీ ఇవ్వకుండా దాచుకోగలిగితే మొదటి మారథాన్‌కు దారి దొరుకుతుంది. మిగతా రోజుల్ని ప్రయాణాలకు తగ్గట్టు సర్దుకోవచ్చు.

ఆదివారం పరుగు

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఈ దూరమే 1921లో అంతటికీ ప్రమాణమైంది. దీనికి ఒంటిని సిద్ధం చేసే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ ముఖ్యుడు. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ సాధన ప్రయోగాలన్నీ ముందు తన ఒంటి మీదే చేసుకున్నాడు. ఆదివారం వస్తే ఆక్లండ్ దగ్గరి వైయటరువా కొండదారుల్లో శిష్యులతో 35 కిలోమీటర్ల పరుగు. 800 మీటర్ల పందేనికి సిద్ధమయ్యే పీటర్ స్నెల్‌ని కూడా అదే దారిలో పరిగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అతని శిష్యులు స్నెల్, ముర్రే హాల్‌బర్గ్ స్వర్ణాలు గెలిచారు, మారథాన్‌లో మరో శిష్యుడు బారీ మగీ కాంస్యం తెచ్చాడు.

ఈ పద్ధతి ప్రాణమంతా నిదానంలో ఉంది. ఎక్కువసేపు నెమ్మదిగా పరిగెత్తితే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వృద్ధి అవుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. ఈ అలవాటు లేనివాళ్లకు కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే ఇంధనం సుమారు 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. కాళ్లకు గుండ్లు కట్టినట్టు ఉంటుంది. పరుగు తెలిసినవాళ్లు దాన్నే ‘గోడ’ అంటారు. ఇంకో సంగతి: గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే గట్టిపడతాయి. ఎముకలకు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకు నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని దూరం పెంచేస్తే కాలు దెబ్బతింటుంది.

వేగం సరిపోయిందో లేదో చెప్పడానికి నోరే కొలత. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే ఆ వేగం మంచిది. రెండు మాటలకే ఆయాసం వస్తే తగ్గించాలి, కాసేపు నడిచినా తప్పులేదు.

పద్దెనిమిది వారాలు

వారానికి మూడు రోజులు, ఆగకుండా అరగంట పరిగెత్తడం ముందే అలవాటై ఉండాలి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి. ఆ తర్వాత పద్దెనిమిది వారాలు, వారానికి నాలుగు పరుగులు. రెండు తేలికవి, నలభై నిమిషాల చొప్పున. ఒకటి ఎత్తుపల్లాల మీద. నాలుగోది ఆదివారం పొడవు పరుగు. అది 12 కిలోమీటర్లతో మొదలై, వారానికి రెండు కిలోమీటర్లకు మించకుండా పెరుగుతూ, ప్రతి నాలుగో వారం కాస్త తగ్గుతూ, 30 దాకా వెళ్లాలి. పందేనికి మూడు వారాల ముందు నుంచి అన్నీ తగ్గించుకుంటూ రావాలి. ఆ విశ్రాంతిలోనే ఒళ్లు కోలుకుని బలం పుంజుకుంటుంది.

మాకు ఎత్తుపల్లాలకు కోటప్పకొండ ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు పేటలో బయలుదేరితే కొండ చేరేసరికి త్రికోటేశ్వరుడి గుడి దీపాలు పైన కనిపిస్తుంటాయి. ఘాట్ రోడ్డు మొదట్లో అడుగు చిన్నదవుతుంది, మడమ లేస్తుంది, ఊపిరి చప్పుడు మన చెవికే వినబడుతుంది. అక్కడే వేగాన్ని వదిలేసి ఊపిరిని పట్టుకోవాలి. శివరాత్రికి ప్రభల వెంట నడిచిన జనానికి ఈ దారి కొత్త కాదు. మోకాళ్లకు మెత్తని నేల కావాలంటే సాగర్ కుడికాలువ కట్ట మీది మట్టిదారి ఉంది. తారురోడ్డు మీద మాత్రం ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కనే పరిగెత్తాలి, చీకట్లో మెరిసే చొక్కా తప్పనిసరి.

బస్సు దిగాక

ప్రయాణం రోజుల్లో కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నిమిషాలు లెక్కపెట్టండి. మాచర్ల లాడ్జిలో దిగినా, సికింద్రాబాద్‌లో పల్నాడు ఎక్స్‌ప్రెస్ దిగినా, ఉదయం ఇరవై నిమిషాలు అటు, ఇరవై నిమిషాలు ఇటు. దారి తెలియకపోయినా పరుగు పూర్తవుతుంది. బూట్లు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. బయటికి వెళ్లే వీలు లేకపోతే గదిలోనే గుంజీలు, మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి దిగడం, పావుగంట చాలు. గంటలకొద్దీ కూర్చుంటే తుంటి, పిక్కలు బిగుసుకుంటాయి కాబట్టి బస్సు ఆగిన చోటల్లా దిగి నడవాలి. రాత్రి బస్సులో నిద్ర చెడితే ఆ రోజుకు పరుగు మానేయాలి. దాన్ని విశ్రాంతి రోజుగా ముందే రాసుకుంటే మనసు పీకదు.

తప్పిన పరుగును మర్నాడు కలిపి తీర్చకూడదు. ఈ తప్పు నేనే చేశాను. వారమంతా టూర్లో పోగొట్టుకున్న దూరాన్ని శని, ఆదివారాల్లో కలిపి పరిగెత్తాను. పిక్క ఎముక వెంట నొప్పి పుట్టి మూడు వారాలు కూర్చోబెట్టింది. పోయిన పరుగు పోయినట్టే, తర్వాతిది వేళకు చేస్తే చాలు.

తిండి విషయంలో మన ఇడ్లీ, అన్నం, అరటిపండు కావలసినంత బలం. పొడవు పరుగు ముందురోజు మిర్చి బజ్జీలు వద్దు. పందెం రోజున తినేవి, తాగేవి ముందే ఆదివారాల్లో అలవాటు చేసుకోవాలి.

ఎండను బట్టి పందెం

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. దానికి సాధన ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. రెంటచింతల పేరు ఎండల వార్తల్లో మోగే కాలమది. ఎండకు ఒళ్లు అలవాటుపడడానికే పది, పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే పల్నాడు వాళ్లకు మొదటి పందెంగా చలికాలపు విశాఖ నేవీ మారథాన్‌నో, జనవరిలో జరిగే ముంబై మారథాన్‌నో ఎంచుకోమంటాను. పరుగుకు ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. ఉప్పేసిన మజ్జిగ మంచిది. దాహానికి మించి వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

ఈ సాధన విలువ పతకంతో తీరిపోదు. ఇంకొకరి వేళలకు, బస్సు వేళలకు కట్టుబడి తిరిగే మనిషికి వారంలో ఒక ఉదయం తనదవుతుంది. రోజంతా సీట్లో కూర్చున్న కాళ్లు మళ్లీ కాళ్లవుతాయి. ఈ ఆదివారం ఉదయం ఎవరికీ మాట ఇవ్వకండి. బూట్లు తొడుక్కుని, మాట్లాడుకుంటూ, అరగంట పరిగెత్తండి.