చామనచాయ: ఒక పదము, ఒక కొలత

శ్యామశబ్దమునకు చామ వికృతి. భారతమున ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనివన్నెను బట్టి వచ్చినది; అది యామె సౌందర్యమునకు లోపము కాలేదు. ఆ వన్నెను దెలుపు 'చామనచాయ' నేడు పెండ్లిసంబంధముల పరిభాషలో నలుపును మఱుగుపఱచు మర్యాదమాటగా మిగిలినది.

2020లో షాదీ.కామ్ మేనిచాయను బట్టి సంబంధములు వెదకు సౌకర్యమును తొలగించినది. ఆ యేడే 'ఫెయిర్ అండ్ లవ్‌లీ' లేపనము 'గ్లో అండ్ లవ్‌లీ' అయినది. పేరు మాఱినది కాని కొలత మాఱలేదని మా యభిప్రాయము.

ప్రబంధకవులకును నఖశిఖపర్యంతము కట్టుదిట్టమైన కొలత లుండెను. కాని యవి కల్పితనాయికకు జెందినవి. చదువరి ముఖమును దిద్దుటకు గ్రంథమునకు శక్తి లేదు. నేటి సెల్‌ఫోను ఫిల్టరు ఆ యచ్చును చూచువారి ముఖముమీదనే మోపి, దిద్దిన రూపమునే తమ రూపమని నమ్మించుచున్నది. వర్ణన కొలతగా మాఱిన యీ ఘట్టమే నేటి సౌందర్యవిమర్శకు ప్రథమవిషయము కావలెనని మేము తలంచుచున్నాము.