వేళాకోళమా, వేధింపా?

శేఖర్ కమ్ముల 2007లో తీసిన ‘హ్యాపీ డేస్’ చిత్రమును మేము మెచ్చితిమి. అందలి ర్యాగింగు ఘట్టములను మాత్రము మెచ్చజాలము. క్రొత్త విద్యార్థుల బెదురు అచట వినోదముగా సాగిపోవును, ప్రేక్షకులు నవ్వుదురు.

మేము మెట్రిక్కుతో చదువు చాలించినవారము. కాలేజీ చదివిన అన్నలు చెప్పగా విన్నది పాట పాడించుట, వంగి నమస్కరింపజేయుట. అదియు పదిదినముల ముచ్చట. పిదప అట్లుండలేదు. 1996లో అన్నామలై విశ్వవిద్యాలయమున ఒక వైద్యవిద్యార్థి ర్యాగింగునకు బలియయ్యెను. మరుసటి యేడు తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ చట్టములు చేసినవి. నేడు గది తలుపు మూసికొన్నను సీనియర్ల వాట్సాప్ గుంపు వెంటాడును.

తరతరములుగా పొరుగు రాష్ట్రములందున్న మనకు వేరొక ముల్లు గలదు. మన బిడ్డ హైదరాబాదునకు పోయిన తెలుగు యాసను, ఇక్కడనే చదివిన ఇంటిభాషను వెక్కిరింతురు. భాషను, పుట్టినచోటును బట్టి బాధించుటయు ర్యాగింగే యని యు.జి.సి. 2016లో తన నిబంధనలందు చేర్చినది. ఎందరు తల్లిదండ్రు లెరుగుదురు? సెలవులకు వచ్చిన పిల్లవాడు మూగనోము పట్టినచో, ‘సినిమాలో చూడలేదటరా, అంతా సరదాయే’ యనువారు మనలో కలరు. ఆ మాటను వారి నోటికందించినవి ఇట్టి చిత్రములే.