కాలకేయుడికి ఏ ఆయుధం ఇచ్చారు?

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా బడి ఆవరణలో చింతచెట్టు కింద పిల్లలు ‘బాహుబలి’ ఆట మొదలుపెట్టారు. అంతకుముందు రాత్రి టీవీలో ఆ సినిమా వచ్చింది. ఒకడు బాహుబలి, ఒకడు భల్లాలదేవుడు, ఒకడు కట్టప్ప. కర్రలు కత్తులయ్యాయి. ప్లేటు డాలయ్యింది. పాత సైకిల్ టైరు భల్లాలదేవుడి రథం. అన్నీ కుదిరాయి గానీ కాలకేయుడిగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి మూడో తరగతి పిల్లవాణ్ణి ఒకణ్ణి లాక్కొచ్చి ముఖానికి బొగ్గు పూశారు. వాడు కొండ మీది ఊరివాడు. ఇంట్లో మాట్లాడేది కువి భాష. తెలుగు అప్పటికి ఇంకా సరిగా రాదు. కోపం వచ్చి వాడు కువిలో ఏదో అన్నాడు. పెద్ద పిల్లలు పడీ పడీ నవ్వారు. “సార్, వీడు నిజంగానే కిలికిలి మాట్లాడుతున్నాడు సార్!” అన్నారు.

నవ్విన పిల్లలు కూడా మన పిల్లలే. నాకు బాధ కలిగించింది అదే. ఆ రాత్రి ఆ సినిమా యుద్ధం గురించి మళ్లీ మొదటినుంచి ఆలోచించాను. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

ముందే ఒక మాట చెప్పాలి. నాకు ‘బాహుబలి’ మీద కోపం లేదు. మొదటి భాగం 2015 జూలైలో, రెండో భాగం 2017 ఏప్రిల్‌లో వచ్చాయి. రెండూ హాల్లోనే చూశాను, ఈలలు కూడా వేశాను. ఒక తెలుగు సినిమా లేని రాజ్యాన్ని ఒకదాన్ని కోటలతో, జెండాలతో, సైన్యంతో సహా కళ్ల ముందు నిలబెట్టడం చిన్న పని కాదు. దర్శకుడు రాజమౌళి, కథకుడు విజయేంద్రప్రసాద్, కళాదర్శకుడు సాబు సిరిల్ చాలా కష్టపడ్డారు. అయితే లేని రాజ్యానికి ఆయుధాలు తయారు చేసేటప్పుడు ఎవరికి ఏది ఇవ్వాలో కథ చెప్పేవాళ్లే నిర్ణయిస్తారు. అది చరిత్ర ఇచ్చింది కాదు, వాళ్లు ఎంచుకున్నది. కాబట్టి ఎందుకిలా ఎంచుకున్నారని అడిగే హక్కు మనకు ఉంది.

మాహిష్మతి సైన్యానికి ఏమేం ఉన్నాయో చూద్దాం. భల్లాలదేవుడి రథానికి ముందు గిరగిరా తిరిగే కత్తులు ఉంటాయి. అది పోతున్న దారిలో మనుషులు గడ్డిలా తెగిపడతారు. అతని చేతిలో గొలుసుకు కట్టిన ముళ్ల గుండు ఉంటుంది. నిప్పు, రాళ్లు విసిరే పెద్ద యంత్రాలు ఉన్నాయి. డాళ్లు వరుసగా పేర్చి నడిచే పదాతిదళం ఉంది. అన్నిటికీ మించి ‘త్రిశూల వ్యూహం’ అని పేరున్న యుద్ధపద్ధతి ఉంది. కూర్చుని మాట్లాడుకుని, ఎవరు ఎటునుంచి వెళ్లాలో నిర్ణయించుకుని వెళతారు. అంటే వాళ్లకు ఆయుధంతోపాటు ఆలోచన కూడా ఉంది.

ఇక కాలకేయుల దగ్గర ఏముంది? ఈటెలు, కత్తులు, డాళ్లు. అంతకన్నా ముఖ్యంగా లెక్కకు మించిన మంది. గుంపుగా వస్తారు, గుంపుగా అరుస్తారు, గుంపుగా చస్తారు. వాళ్లకు యంత్రం లేదు. ఉన్న యుద్ధరహస్యం కూడా సొంతం కాదు, సాకేతుడనే ద్రోహి మాహిష్మతి నుంచి దొంగిలించి ఇచ్చింది. వాళ్లు స్వయంగా కనిపెట్టిన ఆయుధం ఒక్కటే కనిపిస్తుంది. పట్టుకొచ్చిన మామూలు జనాన్ని తమ ముందు నిలబెట్టి అడ్డం పెట్టుకోవడం. అంటే వాళ్లకు కథ ఇచ్చిన తెలివి క్రూరత్వం ఒక్కటే. ఒంటికి నల్లరంగు, నోటికి ఎవరికీ అర్థం కాని భాష. ఇంత మందిలో తత్తిమ్మావాళ్లకు లేని పేరు నాయకుడు ఇంకోషికి మాత్రం ఉంది. ఒక్క ముసలమ్మ, ఒక్క పిల్ల, ఒక్క ఇల్లు కనిపించవు. ఎక్కడినుంచి వచ్చారో, ఎందుకు వచ్చారో, వాళ్ల నేలకు ఏమైందో ఎవరూ అడగరు.

ఆ భాష సంగతి విచిత్రం. కిలికిలిని తమిళ రచయిత మదన్ కార్కీ మాటలూ వ్యాకరణమూ కూర్చి తయారు చేశారు. లేని తెగ కోసం వ్యాకరణం రాయడానికి అంత శ్రద్ధ పెట్టారు. కానీ తెర మీద ఆ భాష పని ఏమిటి? భయపెట్టడం, లేదా నవ్వించడం. ఆ భాషలో ఒక్క జోలపాట లేదు, ఒక్క పలకరింపు లేదు. భాషను కూడా ఒక మొరటు ఆయుధంగానే వాడారు. ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, సవర, కోయ, గోండి, కొలామి వంటి భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వచ్చాయి. వాటి సంగతి తెలియని పిల్లలకు కూడా కిలికిలి తెలుసు. ఏది ఎక్కువ దూరం పోయిందో చూడండి.

ఇప్పుడు భల్లాలదేవుడి రథం దగ్గరికి వద్దాం. అది ఉత్త కల్పన అనుకుంటాం గానీ కాదు. మగధ రాజు అజాతశత్రువు వజ్జి సంఘం మీద యుద్ధానికి వెళ్లినప్పుడు రెండు కొత్త ఆయుధాలు వాడాడని జైన గ్రంథాలు చెబుతున్నాయి. ఒకటి మహాశిలాకంటకం. పెద్ద రాళ్లు విసిరే యంత్రం అని చరిత్రకారులు దానికి అర్థం చెప్పారు. రెండోది రథముసలం. పోతూ పోతూ జనాన్ని మట్టుబెట్టే రథం. మాహిష్మతి దగ్గర ఉన్నవి దాదాపు ఈ రెండే. మరి ఆ వజ్జులెవరు? ఒక్క రాజు కింద బతికినవాళ్లు కాదు. లిచ్ఛవులు మొదలైన వంశాలవాళ్లు వైశాలిలో సభలో కూర్చుని, మాట్లాడుకుని పాలించుకున్నవాళ్లు. అంటే ఆ రథం కథ మన దేశంలో మొదలైనప్పుడే, అది ఒక రాజు గణాల మీదికి తోలిన రథం. మన ఊళ్లో పెద్దలు చెట్టు కింద కూర్చుని తగువు తీర్చే పద్ధతి తెలిసినవాళ్లకు, ఆ రథం ముందు నిలబడిన జనం ఎవరో ఊహించుకోవడం కష్టం కాదు. సినిమాలో మాత్రం మన కళ్లను రథం మీద కూర్చోబెట్టారు. చక్రాల కింద పడినవాళ్ల వైపు నుంచి ఒక్కసారి కూడా చూపించలేదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. ఈ సినిమాలో ఎక్కువ చప్పట్లు పడిన ఆయుధాలు రథమూ కాదు, యంత్రాలూ కాదు. ఆయుధాలు పంచేటప్పుడు బిజ్జలదేవుడు బాహుబలికి అన్యాయం చేస్తాడు, మంచివన్నీ కొడుకు వైపు పెడతాడు. అప్పుడు బాహుబలి ఏం చేస్తాడు? పెద్ద పెద్ద గుడ్డలు శత్రువుల మీద పడేలా విసిరించి నిప్పుబాణాలతో అంటిస్తాడు. బందీలు అడ్డంగా ఉన్నప్పుడు భల్లాలదేవుడు వాళ్ల మీదనుంచే రథం తోలుకుపోతే, బాహుబలి గుండ్లు కట్టిన తాళ్లు విసిరించి ఆ బందీలు కింద పడేటట్టు చేసి, ప్రాణాలు కాపాడతాడు. రెండో భాగంలో కుంతల రాజ్యంలో ఎద్దుల కొమ్ములకు నిప్పు అంటించి పిండారీల మీదికి తోలిస్తాడు. చివరి యుద్ధంలో అతని కొడుకు తాడిచెట్లను వంచి, వాటి ఊపుతో మనుషుల్ని కోట లోపలికి విసిరిస్తాడు.

తాడు, గుడ్డ, ఎద్దు, తాడిచెట్టు. ఇవి రాజు ఆయుధశాలలో ఉండేవా? ఇవి ఊళ్లో ఉండేవి. లేనివాడు ఉన్నదానితో చేసుకునే ఉపాయాలు. వెదురును వంచితే ఎంత బలం దాచుకుంటుందో, ఎప్పుడు వదలాలో, తాడు ముడి ఎలా వేస్తే జంతువు కాలికి దెబ్బ తగలకుండా పడుతుందో మన తాతలకు తెలుసు. వెదురు బద్దతో విల్లు, వెదురు పేడుతోనే నారి. పిట్టకు మొండి కట్టె బాణం, పెద్ద జంతువుకు ఇనుప ములికి. ఏ పనికి ఏ బాణమో విడివిడిగా తెలుసు. ఆ ములికి కొట్టే కమ్మర మన ఏజెన్సీలో షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్న తెగే. చైత్రంలో ఇటుకల పండుగకు వేటకు వెళ్లిన వాళ్లను అడగండి, వ్యూహం అంటే ఏమిటో చెబుతారు.

మనిషిని చూసి బాణం వెయ్యడమూ మన కొండలకు కొత్త కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో రామరాజు దళం వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద పడి తుపాకులు, తూటాలు తీసుకుంది. గాం గంతందొర, గాం మల్లుదొర వంటి వాళ్లు ఆ దళానికి వెన్నెముక. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉన్నప్పుడు ముందు నడుస్తున్న మన దేశపు పోలీసుల్ని పోనిచ్చారు. వెనక వచ్చిన దొరలు స్కాట్ కవర్డ్, హైటర్ ఆ కాల్పుల్లో చనిపోయారు. తక్కువ మంది, తక్కువ తుపాకులు, ఎత్తయిన చోటు, ఎవరిని కొట్టాలో ఎవరిని వదలాలో తెలిసిన విచక్షణ. సినిమాలో బాహుబలిని రాజును చేసింది ఈ విచక్షణే కదా! ఇంకోషిని చంపింది భల్లాలదేవుడు. అయినా జనాన్ని కాపాడినందుకు శివగామి బాహుబలికి రాజ్యం ఇస్తుంది.

కాబట్టి లెక్క ఇలా తేలింది. మనలాంటి వాళ్ల ఉపాయాలు రాకుమారుడి చేతికి వెళ్లాయి. మనలాంటి వాళ్ల రంగు, మనలాంటి వాళ్ల భాష మీది నవ్వు శత్రువుకు వెళ్లాయి. అడవి తెలివికి చప్పట్లు కొట్టాం, అడవి మనిషిని చూసి జడుసుకున్నాం. ఈ రెండూ ఒకే సినిమాలో, పక్కపక్కనే ఉన్నాయి.

కొందరు మిత్రులు అంటారు: “మాస్టారూ, కాలకేయులు ఆదివాసులని సినిమాలో ఎక్కడా చెప్పలేదు కదా. భారతంలో అర్జునుడు చంపిన రాక్షసుల పేరు అది. కల్పిత కథలో ఇంత వెతకడం ఎందుకు?” నిజమే, చెప్పలేదు. మా బడి పిల్లలకు కూడా ఎవరూ చెప్పలేదు. అయినా బొగ్గు పూయడానికి ఎవరిని ఎంచుకోవాలో వాళ్లకు ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది ఉందే, విమర్శ చేయవలసింది దాన్నే. భారతంలో పేరు ఉందన్నంత మాత్రాన ప్రశ్న తీరదు. అక్కడ రాక్షసులుగా రాసినవాళ్లు ఎవరన్నది ఇంకా పాత ప్రశ్న.

కట్టప్పను కూడా మరచిపోకూడదు. దూరదేశం నుంచి వచ్చిన ఆయుధ వ్యాపారి అస్లంఖాన్ గొప్పగా చూపించిన కత్తిని కట్టప్ప తన కత్తితో తుంచేస్తాడు. మాహిష్మతిలో ఆయుధం గుట్టు అందరికన్నా తెలిసినవాడు అతనే. కానీ పుట్టుకతో బానిస. ఆ కత్తి ఎవరి మీద ఎత్తాలో చెప్పే హక్కు అతనికి లేదు. పనితనం ఒకరిది, అధికారం ఇంకొకరిది. ఈ ఒక్క చోట సినిమా తనకు తెలియకుండానే నిజం చెప్పిందని నా అభిప్రాయం.

అదే దర్శకుడు 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ తీసినప్పుడు కథలోకి గోండు వీరుడు భీమ్ పేరే వచ్చింది. ఈసారి అడవి మనిషి శత్రువు కాదు, నాయకుడు. అది మార్పే, కాదనను. కానీ ఆయుధాలు చూడండి. భీమ్ దొర బంగళా మీదికి పులుల్ని, అడవి జంతువుల్ని వదులుతాడు. చివరి పోరాటంలో అతని చేతికి బల్లెం వస్తే, విల్లూ బాణాలూ రామ్ చేతికి వెళతాయి. ఆఖరున ఏం కావాలంటే భీమ్ చదువు కావాలంటాడు. అసలు కొమురం భీమ్ చదవడం, రాయడం నేర్చుకున్న మనిషి. మన విల్లు మన చేతికి రావడానికి ఇంకా ఎన్ని సినిమాలు పడతాయో!

సినిమాలు చూడొద్దని పిల్లలకు చెప్పలేం, చెప్పకూడదు కూడా. ఉపాధ్యాయ మిత్రులకు నేను చేసి చూసిన ఒక చిన్న పని చెబుతాను. నల్లబల్ల మీద రెండు గళ్లు గీశాను. ఒకవైపు మాహిష్మతి, ఒకవైపు కాలకేయులు. ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉందో పిల్లలే చెప్పారు, నేను రాశాను. తరువాత మూడు ప్రశ్నలు అడిగాను. ఈ ఆయుధం ఎవరు తయారు చేశారు? దేనితో తయారు చేశారు? ఇది తగిలి పడినవాడి ఇంట్లో ఎవరున్నారు? మాహిష్మతి గడిలో జవాబులు త్వరగా వచ్చాయి. కాలకేయుల గడి చాలాసేపు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని చూసి పిల్లలు మొదట నవ్వారు, తరువాత ఆలోచనలో పడ్డారు. “సార్, వాళ్లకూ కమ్మరి ఉండాలి కదా?” అని ఒక అమ్మాయి అడిగింది. ఆ రోజుకు నాకు ఆ ప్రశ్న చాలు.

తరువాతి ఆదివారం మళ్లీ ఆట మొదలయ్యింది. ఈసారి ఆ మూడో తరగతి పిల్లవాడు తనంతట తానే కాలకేయుడిగా వచ్చాడు, బొగ్గు మాత్రం పూసుకోనన్నాడు. తనకూ ఒక కమ్మరి, ఒక మంత్రి కావాలన్నాడు. ఇద్దర్ని ఇచ్చారు. వాడు కువిలో ఆజ్ఞలు వేస్తుంటే, అర్థం తెలియకపోతే యుద్ధం చేయలేరు గనుక వాడి జట్టులోని మిగతా పిల్లలు నాలుగైదు కువి మాటలు అక్కడికక్కడే నేర్చుకున్నారు.

ఎవరు గెలిచారని అడగకండి. మధ్యలో అన్నం గంట కొట్టారు.