ట్యాగుల ఇంటిగుట్టు

చెన్నైలో టీఎన్‌క్యూ, న్యూజెన్ వంటి సంస్థలు విదేశీ ప్రచురణకర్తల పరిశోధన పత్రికలను ఎక్స్‌ఎంఎల్‌లోకి మార్చి పంపుతాయి. అక్కడ వ్యాసమంటే ట్యాగుల చెట్టు. పత్రికా వ్యాసాల ట్యాగులకు ఉన్న 'జాట్స్' ప్రమాణం ప్రకారం రచయిత పేరు మామూలుగా 'సర్‌నేమ్', 'గివెన్-నేమ్స్' అనే రెండు ట్యాగుల్లోకి చేరుతుంది. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. తమిళుల్లో చాలామందికి అసలు ఇంటిపేరే లేదు, తండ్రి పేరే ఇనిషియల్. ఈ చిక్కు తెలిసే జాట్స్ పేరు శైలికో యాట్రిబ్యూట్ పెట్టి, 'ఈస్టర్న్', 'గివెన్-ఓన్లీ' వంటి విలువలకు చోటిచ్చింది. ఇంత తిరకాసు ఆ వ్యాసాలను చూపే వెబ్‌సైట్ కోడ్‌లో ఎన్నిచోట్ల తెలిసి ఉండాలి? ఒక్కచోట చాలు. ఆ ట్యాగుల చెట్టును మెమరీలో పట్టి ఉంచే డామ్ డాక్యుమెంటును 'వ్యాసం' అనే క్లాసులో దాచి, బయటికి 'శీర్షిక', 'రచయితలు', 'రిఫరెన్సులు' అనే మెథడ్లు మాత్రమే ఇవ్వాలి.

జాట్స్‌కు పూర్వరూపమైన ఎన్‌ఎల్‌ఎం ట్యాగుల చరిత్రే ఇందుకు సాక్ష్యం. 2008లో వచ్చిన 3.0 కూర్పు 'సైటేషన్' ట్యాగును తీసేసి, 'ఎలిమెంట్-సైటేషన్', 'మిక్స్‌డ్-సైటేషన్' అని రెండు తెచ్చింది. చెట్టులో పాత ట్యాగును వెతికే దారిగా రాసిన ఎక్స్‌పాత్‌ను కొత్త ఫైలు మీద నడిపితే ఎర్రర్ రాదు, ఖాళీ జాబితా వస్తుంది. పేజీ చక్కగా తెరుచుకుంటుంది, రిఫరెన్సులు మాత్రం మాయం. ఆ ఎక్స్‌పాత్ పది టెంప్లేట్లలో ఉంటే పదింటినీ గాలించాలి. క్లాసులో ఉంటే ఒక్క మెథడ్ దిద్దితే సరి. పాతా కొత్తా రెండూ అదే చూసుకుంటుంది.

ఒక్క లైను ఎక్స్‌పాత్‌కు క్లాసు దేనికని అడగొచ్చు. ఒకసారి నడిపి పారేసే స్క్రిప్టుకు నిజంగానే అక్కర్లేదు. పీహెచ్‌పీలో డామ్‌డాక్యుమెంట్‌నే ఎక్స్‌టెండ్ చేస్తే పోదా అనేవారూ ఉన్నారు. అలా చేస్తే కొమ్మలు అతికించే, నరికే మెథడ్లన్నీ వారసత్వంగా బయటికొస్తాయి. ఇంటిగుట్టు లంకకు చేటన్నట్టే. వారసత్వం కన్నా ఒక ఆబ్జెక్టును లోపల ఉంచుకోవడమే మేలని 1994 నాటి 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకమూ చెప్పింది. అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది: శీర్షికలో 'ఒరైజా సటైవా' అని వరి శాస్త్రీయనామం ఇటాలిక్‌లో ఉంటే, ఉత్త అక్షరాలు తిరిగిచ్చే మెథడ్ ఆ వాలును పోగొడుతుంది. అందుకని నోడ్‌నే చేతికిస్తే దాచిందంతా దండగ. ఇటాలిక్‌తో సహా తయారైన హెచ్‌టీఎంఎల్ ఇవ్వడం ఆ మెథడ్ పనే. టెంప్లేటుకు కావలసింది శీర్షిక, అది ఏ కొమ్మకు కాసిందో కాదు.