కరివర్ధన్ కట్టిన చిన్న రేసు కారు

మారుతి 800 ఇంజను విప్పని పాతకాలపు మెకానిక్కు మన గోదావరి జిల్లాల్లో ఉండడు. మూడు సిలిండర్లు, 796 సి.సి. 1983 డిసెంబరులో ఆ కారు రోడ్డెక్కినప్పటి నుంచి రాజమండ్రి, తణుకు, భీమవరం, అమలాపురం షెడ్లలో దాని హెడ్డు ఎన్నిసార్లు దింపారో, గాస్కెట్లు ఎన్ని మార్చారో లెక్క లేదు. డాక్టర్లనీ, ధాన్యం కమీషన్ వ్యాపారులనీ, పెళ్ళికొడుకులనీ మోసిన ఇంజను అది. నలభై హార్స్‌పవర్‌కి కాస్త అటూ ఇటూ. దానితో రేసు కారు కట్టొచ్చని ఎవరికైనా తోస్తుందా? కోయంబత్తూరులో ఒకాయనకి తోచింది. ఆయన పేరు ఎస్. కరివర్ధన్. తెలిసినవాళ్ళందరికీ కరి.

కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిపోయిన తెలుగు నాయుళ్ళ మిల్లుల కుటుంబాల్లో లక్ష్మీ మిల్స్ వారిది ఒకటి. కరి ఆ ఇంటి బిడ్డ. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలం నాటి పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగే రోజుల్లో ఆయన పేరున్న డ్రైవరు. అప్పట్లో రేసు కారు కావాలంటే విదేశం నుంచి తెప్పించుకోవాలి. సుంకాలు కట్టుకోవాలి, విడిభాగం విరిగితే నెలల తరబడి ఎదురుచూడాలి. అందుకని ఆ పోటీల్లో దిగినవాళ్ళు చాలామటుకు మిల్లు యజమానుల, వ్యాపార కుటుంబాల పిల్లలే. కరికి ఆ ఇబ్బంది లేదు. ఆయన కావాలనుకున్న బండి ఆయనకి దొరికేది. అలాంటివాడు కూర్చుని, దొరకనివాళ్ళ కోసం బండి కట్టాడు. 1980ల చివర్లో వచ్చిన ఆ బండినే ఫార్ములా మారుతి అన్నారు. పందెపు కాగితాల్లో దాని పేరు ‘ఫిస్మీ’.

రేసు కారు అనగానే ఇప్పటి పిల్లల కళ్ళకి రెక్కలూ రంగులూ ఉన్న ఫార్ములా వన్ బండే మెదులుతుంది. ఇది ఆ కోవలోది కాదు. పైన కప్పిన ఫైబరు తొడుగు తీసేస్తే ఉక్కు గొట్టాల పంజరం ఒకటి మిగులుతుంది. ఆ గొట్టాలని ఎలా కలిపారో దగ్గరగా చూడాలి. పనితనమంతా అక్కడే ఉంది. నాలుగు గొట్టాలని చతురస్రంగా వెల్డింగు చేసి ఒక మూల నొక్కితే అది పక్కకి వాలిపోతుంది. దానికి ఎదురు మూలల మధ్య ఒక గొట్టం అడ్డంగా వేస్తే రెండు త్రిభుజాలవుతాయి, ఇక కదలదు. రైలు వంతెన దూలాల్లో కనిపించే లెక్కే ఇది. మలుపులో బండి మీద పడే బరువు నాలుగు చక్రాల దగ్గరా వేరువేరుగా ఉంటుంది. పంజరం మెలితిరిగితే చక్రం నేలని పట్టుకోవలసిన కోణం మారిపోతుంది, డ్రైవరు స్టీరింగు ఎంత తిప్పినా బండి ఎటు పోతుందో చెప్పలేం. అందుకని ఎక్కడ గొట్టం కావాలి, ఎక్కడ అక్కర్లేదు అన్న నిర్ణయంలోనే బండి సగం అయిపోతుంది. ఎక్కువ వేస్తే బరువు, తక్కువ వేస్తే మెలిక.

రెండో సంగతి ఇంజను స్థానం. మారుతి 800లో ఇంజనూ గేరుబాక్సూ ముందు భాగంలో అడ్డంగా పడుకుని, ముందు చక్రాలనే తిప్పుతాయి. ఫార్ములా మారుతిలో ఆ జంట డ్రైవరు వీపు వెనక్కి చేరింది. ముందు చక్రాలని తిప్పిన సరంజామా ఇక్కడ వెనక చక్రాలని తిప్పుతుంది. ముందు చక్రాలకి ఇక దిశ మార్చే పని ఒక్కటే మిగిలింది. బరువు బండి నడిమికి వచ్చింది. ఇదంతా కొత్త భాగమేదీ పోత పోయించకుండా, దొరికేవాటి చోటు మార్చి సాధించినది. నాకు ఈ బండి మీద ఉన్న గౌరవంలో పెద్ద వాటా ఈ ఒక్క ఆలోచనకే చెందుతుంది. క్లచ్ ప్లేటు పోతే పక్క వీధిలో ఆటో స్పేర్సు కొట్టుకి మనిషిని పంపిస్తే చాలు. కరి దృష్టిలో అది కూడా డిజైనులో భాగమే అయి ఉండాలి, లేకపోతే బండి ఇలా తయారవదు.

ప్రపంచంలో ఈ దారి పట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంగ్లండులో చార్లెస్ కూపర్, ఆయన కొడుకు జాన్ కలిసి 1946లో ఫియట్ చిన్నకారు భాగాలు తీసుకుని, డ్రైవరు వెనక మోటారుసైకిలు ఇంజను బిగించి 500 సి.సి. రేసు కారు కట్టారు. స్టిర్లింగ్ మాస్ లాంటి మహా డ్రైవరు తొలి రోజుల్లో తోలింది ఆ కూపర్ బండినే. ఇంజను వెనక ఉండాలన్న ఆ పద్ధతి పెరిగి పెరిగి 1959, 1960లలో జాక్ బ్రాబమ్‌కి ప్రపంచ విజేత పట్టం కట్టింది. అమెరికాలో బీటిల్ కారు భాగాలతో ఫార్ములా వీ, ఇంగ్లండులో 1967లో ఫోర్డ్ కారు ఇంజనుతో ఫార్ములా ఫోర్డ్ వచ్చాయి. అన్నిటిదీ ఒకటే దారి: ఇంటి ముందు నిలబడే కారులోంచి పిల్లలు నేర్చుకునే బండి తీయడం. మనకి అది చేసిపెట్టినవాడు కరివర్ధన్.

ఇక ఆ బండి డ్రైవరుకి ఏం నేర్పుతుందో చూద్దాం. రేసు డ్రైవరు కావాలనుకునే కుర్రాడు ముందు అడిగేది ‘ఎంత స్పీడు పోతుంది’ అని. ఫార్ములా మారుతి దగ్గర ఆ ప్రశ్నకి గొప్ప జవాబు లేదు. దాని బడి అంతా మలుపులోనే.

కాగితం మీద లెక్క కట్టి చూడండి. ఒక మలుపు వ్యాసార్ధం 50 మీటర్లు అనుకుందాం. టైరు తన మీద పడిన బరువంత పట్టు పక్కకి ఇవ్వగలిగితే ఆ మలుపులో గంటకి సుమారు 80 కిలోమీటర్ల వేగం నిలుస్తుంది. డ్రైవరు రోడ్డు బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటి అంచుకి వదిలితే అదే మలుపు 60 మీటర్ల వ్యాసార్ధంలా పనిచేస్తుంది, వేగం 87 దాకా వస్తుంది. ఇంజను అదే, టైర్లు అవే. ఏడు కిలోమీటర్ల వేగం దారి ఎంచుకోవడంలోంచి పుట్టింది. మూడు వందల గుర్రాల ఇంజను ఉన్నవాడు మలుపులో ఆ ఏడూ పోగొట్టుకున్నా తిన్నని రోడ్డు మీద తొక్కి సంపాదించుకుంటాడు. మారుతి ఇంజను ఉన్నవాడికి ఆ అవకాశం లేదు. పోగొట్టుకున్న వేగం తిరిగి రావడానికి తిన్నని రోడ్డంతా పట్టేస్తుంది, ఈలోగా వెనకవాడు దాటిపోతాడు. శక్తి తక్కువ ఉన్న బండి తప్పుని దాచదు. బాగా తోలాడో లేదో ఆ ల్యాపులోనే తెలిసిపోతుంది.

కాళ్ళ పని ఇంకా సూక్ష్మం. మలుపు దగ్గరకి వచ్చేసరికి బ్రేకు గట్టిగా పడాలి, అదీ చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే. అదే క్షణంలో గేరు కిందికి రావాలి. కింది గేరులో ఇంజను వేగంగా తిరగాలి కాబట్టి, ఊరికే క్లచ్ వదిలితే వెనక చక్రాలు ఒక్కసారి బిగుసుకుని బండి తోక తిరుగుతుంది. అందుకని కుడి పాదం ముందు భాగం బ్రేకు మీద నొక్కి ఉంచి, అదే పాదం అంచుతోనో మడమతోనో యాక్సిలేటరుని ఒక్క తాపు తన్నాలి. ఇంజను లేస్తుంది, ఎడమ కాలు క్లచ్ వదులుతుంది, గేరు చప్పుడు లేకుండా కూర్చుంటుంది. ఇంత జరుగుతుండగా బ్రేకు మీద ఒత్తిడి మాత్రం రవ్వంత కూడా మారకూడదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 28 మీటర్లు గడిచిపోతాయి. చూసేవాళ్ళకి బండి ముక్కు కాస్త వంగి మలుపులోకి జారినట్టే ఉంటుంది. మంచి డ్రైవరు పని చప్పుడులో తెలుస్తుంది. ఇంజను తెగి తెగి అరవకుండా, మెట్లు దిగినట్టు స్వరం దిగితే ఆ పాదం తయారైనట్టే.

ఇంకొకటుంది. అందరివీ ఒకే ఇంజన్లు కాబట్టి బళ్ళు గుంపుగా పోతాయి. ముందు బండి గాలిని చీలిస్తే దాని వెనక ఉన్నవాడికి గాలి ఒత్తిడి తగ్గి, ఇంజను మీద భారం తగ్గుతుంది. తిన్నని రోడ్డు చివర పక్కకి తీసి దాటేయొచ్చు. అందుకని చివరి ల్యాపులో ముందున్నవాడి పరిస్థితే కష్టం. ఎప్పుడు ముందుకి రావాలి, ఎప్పుడు ఎదుటివాడి వెనక ఓపికగా కూర్చోవాలి అన్నది ఇక్కడ నేర్చుకున్నవాడికి పెద్ద బళ్ళ దగ్గర కూడా పనికొస్తుంది.

ఈ బడిలోంచి వచ్చినవాడే నారాయణ్ కార్తికేయన్. కరికి దగ్గర బంధువు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ ర్యాలీల్లో పేరున్న విజేత. నారాయణ్ శ్రీపెరుంబుదూరు ట్రాకులో ఫార్ములా మారుతితో దిగిన మొట్టమొదటి పందెంలోనే మొదటి ముగ్గురిలో నిలిచాడు. 1994లో ఇంగ్లండులో ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు సిరీస్ గెలిచాడు, 1996లో ఫార్ములా ఆసియా గెలిచాడు. 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డాన్ బండి ఎక్కి ఫార్ములా వన్ పందెంలో దిగిన తొలి భారతీయుడయ్యాడు. ఆ తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్ళిన కరుణ్ చందోక్ కూడా ఫార్ములా మారుతిలో నేర్చుకున్నవాడే. కరి ఆ ఫార్ములా వన్ రోజులు చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు.

ఇప్పుడు మన వైపు సంగతి. కోనసీమలోనో, కొవ్వూరులోనో ఒక కుర్రాడికి రేసు డ్రైవరు కావాలని ఉందనుకోండి. అలాంటివాళ్ళు ఉన్నారు. తెల్లవారకముందే గట్టు మీద పరుగు, మలుపు విసురుకి తల వాలిపోకుండా మెడకి కసరత్తు, సాయంత్రం గదిలో కంప్యూటరు ముందు బిగించుకున్న స్టీరింగుతో సాధన. మిగతా సమయమంతా డబ్బు లెక్కలు: టైర్లు, ఎంట్రీ ఫీజు, శిక్షణ, దేశపు మోటారు రేసుల సంఘం ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. ఇచ్చే లైసెన్సు, రాజమండ్రిలో రైలెక్కి చెన్నై వెళ్ళి రావడం. ఇంట్లోవాళ్ళు ‘డ్రైవరు ఉద్యోగానికి ఇంత ఖర్చా’ అంటారు. ఆ మాటకి జవాబు చెప్పడం కూడా అతని దినచర్యలో భాగమే.

కాలువ గట్టు రోడ్ల మీద బండి ఎగరేసేవాణ్ణి రేసరు అనడం మాత్రం నాకు బొత్తిగా నచ్చదు. ఆత్రేయపురం, లొల్ల లాకుల వైపు ఆ రోడ్ల అందమే వేరు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పొలం, మధ్యలో సైకిలు మీద బడి పిల్లలు. అక్కడ వేగం పనితనం కాదు, పక్కవాళ్ళ ప్రాణం మీద పందెం. ఆ రోడ్ల మీద నేర్చుకోదగిన డ్రైవింగు ఉందంటే అది రావులపాలెం నుంచి అరటి గెలలు, అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు ఎత్తుకుపోయే లోడు లారీ డ్రైవర్ల దగ్గర ఉంది. లోడు ఊగకుండా ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టకుండా, ఒకే తీరుగా తిప్పుకుపోతారు. బరువు ఎటు వాలుతుందో ఒంటికి తెలియడం అంటే అదే. రేసు డ్రైవరు నేర్చుకునేదీ అదే విద్య.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ‘ఫార్ములా-ఈ’ పందెం జరిగింది. నగరం రోడ్లకే గోడలు కట్టి సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాకు చేశారు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పందెం అయ్యాక గోడలు తీసేశారు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. చూడ్డానికి అది గొప్ప పండగే. కానీ తెలుగు కుర్రాడు మర్నాడు పొద్దున్న వెళ్ళి సాధన చేసుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

కోయంబత్తూరు పని ఇంకో రకంగా సాగింది. కరి పోయిన ఎనిమిదేళ్ళకి, 2003లో, చెట్టిపాళెంలో ఆయన పేరనే ట్రాకు తెరిచారు. దాని వెనక నిలబడ్డ బి. విజయకుమార్ కూడా ఒకప్పటి రేసు డ్రైవరే. కరి చూపిన దారిలోనే ఆ తర్వాత స్విఫ్ట్ కారు ఇంజనుతో ఎల్.జి.బి. ఫార్ములా బళ్ళు వచ్చాయి. రెక్కలు లేని, అందరికీ ఒకే ఇంజను ఉన్న ఆ బళ్ళతో మన పిల్లలు ఇప్పటికీ పందేలు నేర్చుకుంటున్నారు.

డెల్టాలో గొట్టం వంచి వెల్డింగు చేసేవాళ్ళకి కొరత లేదు, పాత మారుతి ఇంజన్లు పాత ఇనుము రేటుకి దొరుకుతాయి, ఇంజనీరింగు కాలేజీలు మండలానికొకటి ఉన్నట్టే ఉన్నాయి. వరి పొలం జోలికి పోనక్కర్లేదు, రాజానగరం, కోరుకొండ వైపు మెట్ట నేల ఉంది, హైవే దగ్గర. రెండు కిలోమీటర్ల ట్రాకు చాలు. కోయంబత్తూరులో కరి పేరు పెట్టుకున్న ట్రాకు పొడవు 2.1 కిలోమీటర్లే.